వాన వెలిసిన కొండబాట



విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటితే ఇబ్రహీంపట్నం రింగు సెంటరు వస్తుంది. ఎక్కడో ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దగ్గర బయలుదేరిన 30వ నంబరు జాతీయ రహదారి ఇన్ని రాష్ట్రాలు దాటుకొచ్చి ఇక్కడ ఆగుతుంది. ఒక పక్క కృష్ణమ్మ. ఆ ఒడ్డునే పవిత్ర సంగమం, పోలవరం కుడి కాలువలో వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు. ఇంకో పక్క 1979లో మొదటి యూనిట్ మొదలైన వీటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని ఎత్తైన పొగగొట్టాలు. బూడిద లారీలు, కంకర టిప్పర్లు, బస్సులు. ఆ సందడి మధ్య నిలబడి తలెత్తి చూస్తే కొండపల్లి కొండలు కనిపిస్తాయి. ఆ కొండల మీదా, వాటి లోయల్లోనూ సుమారు 30 వేల ఎకరాల రిజర్వు అడవి ఉంది.

ఆ అడవిబాటల మీద సైకిలు తొక్కడం గురించి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను. తొక్కడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బాట ఎట్లా ఉందో చూసుకోవడం. నా ప్రసంగంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఈ మధ్య ఆదివారం తెల్లవారుజామున హైవే మీద గేరు సైకిళ్ల గుంపులు కనిపిస్తున్నాయి. కొందరు తారు రోడ్డు మీదే వెళ్లి తిరిగొస్తారు. కొందరు కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు ఎక్కుతారు. లావు టైర్లు, ముందు ఫోర్కులో సస్పెన్షన్ ఉన్న సైకిళ్లవాళ్లు మాత్రం మూలపాడు వైపు అడవిలోకి తిరుగుతారు. మూలపాడు అంటే చాలామందికి క్రికెట్ మైదానం గుర్తొస్తుంది. 2016 నవంబరులో భారత్, వెస్టిండీస్ మహిళల జట్లు అక్కడ ఆడాయి. ఆ ఊరి వెనకే కొండల మధ్య అటవీ శాఖవాళ్లు సీతాకోకచిలుకల పార్కు పెట్టారు. అక్కడి నుంచి బాటలు లోపలికి పోతాయి.

కొండల మీద సైకిలు తొక్కే ఈ ఆట అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీలో రూపు కట్టింది. 1976 అక్టోబరు 21న కొంతమంది కుర్రాళ్లు బరువైన పాత సైకిళ్లు కొండ మీదికి తీసుకెళ్లి, అక్కడి నుంచి మట్టిబాట మీద కిందికి పందెం వేసుకున్నారు. ఆ జట్టులోని జో బ్రీజ్ మరుసటి ఏడు ఈ పనికే ప్రత్యేకంగా సైకిలు తయారు చేశాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండా, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దొరికింది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లో 2005 నుంచి పెద్ద పందాలు జరిగాయి.

ఆ మారిన్‌లోనే జరిగిన ఇంకో సంగతి మనకు ఎక్కువ పనికొస్తుంది. సైకిళ్లు పెరిగేసరికి నడిచేవాళ్లకీ, గుర్రాలవాళ్లకీ వీళ్లతో తగవులొచ్చాయి. బాటలు చెడిపోతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. ఈ ఆట పుట్టిన ఆ కొండల్లోనే సన్నటి కాలిబాటలు చాలావరకు సైకిళ్లకు మూతపడ్డాయి. జీపుబాటల మీద గంటకు 15 మైళ్లకు మించి పోకూడదని నిబంధన పెట్టారు. అప్పుడు కొన్ని సైకిలు సంఘాలు కలిసి 1988లో ఒక అంతర్జాతీయ సంస్థను పెట్టుకున్నాయి. తెరిచిన బాట మీదే తొక్కాలి, మీరు వెళ్లిన జాడ మిగలకూడదు, సైకిలు అదుపులో ఉండాలి, ఎదురొచ్చేవాళ్లకు దారివ్వాలి, జంతువుల్ని బెదరగొట్టకూడదు, ముందు ఏర్పాట్లు చేసుకుని బయలుదేరాలి. ఇవి వాళ్లు రాసుకున్న నియమాలు. బాటలు పోగొట్టుకున్నాక నేర్చుకున్నవి. మనకింకా బాటలు పోలేదు. పోకముందే నేర్చుకోవచ్చు.

కొండబాటను తినేది నీరు. మన అడవిలో బాటలు సైకిళ్ల కోసం వేసినవి కావు. ఖిల్లాను 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టించారు. ఆ తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు, ఆఖరికి ఇంగ్లిషువాళ్లు ఏలుకున్నారు. ఎవరి అవసరానికి వాళ్లు దారులు తొక్కారు. బొమ్మలు చేసే కొండపల్లివాళ్లు తెల్లపొణికి కర్ర కోసం ఎక్కిన దారులున్నాయి, మేకలు తోలుకుపోయే దారులున్నాయి, అటవీ శాఖ జీపుల దారులున్నాయి. వీటిలో చాలావరకు వాలుకు అడ్డంగా చుట్టి రావు, పైనుంచి కిందికి సూటిగా దిగుతాయి. మనిషికి దగ్గర దారైనది నీటికీ దగ్గర దారే. వాన పడితే నీళ్లన్నీ ఆ బాటలోకే చేరి, మన్ను కోసుకుంటూ దిగుతాయి.

బాటలు వేయడం తెలిసినవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. కొండ వాలు ఎంతుందో, అందులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. కొండ వాలు వందకు ముప్పై ఉందనుకోండి, బాట వాలు పదిహేను దాటకూడదు. అప్పుడు నీరు బాటను అడ్డంగా దాటి అవతలికి జారిపోతుంది. అంతకు మించితే బాటే కాలువ అవుతుంది. మూలపాడు నుంచి లోపలికి పోయే దారుల్లో రాళ్లు పళ్లలా పైకి తేలి కనిపించే చోట్లన్నీ ఇట్లా మట్టి కొట్టుకుపోయినవే.

మరి సైకిలు వల్ల వచ్చే నష్టమెంత? దీన్ని కొలిచినవాళ్లున్నారు. అమెరికాలోని మోంటానాలో విల్సన్, సెనే అనే పరిశోధకులు నడిచే మనుషులు, గుర్రాలు, మోటారు సైకిళ్లు, మామూలు సైకిళ్లు బాట మీది మట్టిని ఎంత కదిలిస్తాయో పోల్చి చూసి 1994లో ప్రచురించారు. చక్రాల కంటే గిట్టలూ కాళ్లే ఎక్కువ మట్టిని వదులు చేశాయని తేలింది. సైకిలువాళ్లు ఈ మాట చెప్పుకుని సంతోషిస్తారు. కానీ ముందే తడిపిన బాట మీద మట్టి ఇంకా ఎక్కువగా కదిలిందన్నది కూడా ఆ పరిశోధనలోదే. ఆ రెండో సగం మర్చిపోతే లాభం లేదు. ఎవరు వెళ్లారన్నదానితో పాటు బాట ఏ స్థితిలో ఉన్నప్పుడు వెళ్లారన్నదీ లెక్కలోకి వస్తుంది.

తడి బాట మీద ఒక్క సైకిలు వెళ్తే గాడి పడుతుంది. వెనక వచ్చేవాళ్లు అదే గాడిలో తొక్కుతారు. తర్వాతి వానకు నీరు ఆ గాడిలోకి దిగి దాన్ని లోతు చేస్తుంది. గుంటలో నీళ్లు నిలిస్తే నడిచేవాళ్లు పక్కకు జరుగుతారు. పక్కన ఉన్నది బలుసు పొదో, పాలకొడిశ మొక్కో, అదృష్టం బాగోకపోతే అప్పుడే మొలిచిన తెల్లపొణికో. మూరెడు బాట బారెడవుతుంది. కొండపల్లి బొమ్మకు కావలసిన ఆ మెత్తటి, తేలికపాటి కర్ర ఈ కొండల మీద ఇప్పటికే కరువుగా దొరుకుతోందని బొమ్మల కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. ఒక్క మొక్క తొక్కుడు పడినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న పడ్డ వాన మనవాళ్లెవరూ మర్చిపోయేది కాదు. మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ బుడమేరులో పారింది మైలవరం, కొండపల్లి కొండల మీద కురిసిన నీరే. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర దాన్ని మళ్లించి, డైవర్షన్ ఛానల్లో ఇబ్రహీంపట్నం వైపు తెచ్చి కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. ఆ రెండు రోజులు అది చాలలేదు. కొండ మీద పడ్డ వాన ఎంత తొందరగా కిందికొస్తుందో ఊరంతా చూసింది. మనం సైకిలు తొక్కే బాటలు దాటే వాగులు ఆ నీరు దిగే మొదటి మెట్లు. అందుకని వాగు దగ్గర నాదొకటే పట్టుదల. అడుగు కనబడని నీళ్లలోకి సైకిలు దింపను, దింపనివ్వను. పారే నీరు పిక్కలు దాటితే మనిషిని తోసేస్తుంది. సైకిలు చేతిలో ఉంటే ఇంకా తొందరగా తోసేస్తుంది.

సరే, బాట చూసుకోవడం ఎట్లా?

ముందు రోజు సాయంత్రం మొదలవుతుంది ఈ పని. వాతావరణ శాఖవాళ్ల మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రం ఫోనులో చూడొచ్చు, మేఘం ఎటు పోతోందో తెలుస్తుంది. కానీ బెజవాడలో చినుకు పడకుండా కొండపల్లి మీద కుండపోత పడ్డ సాయంత్రాలుంటాయి. కాబట్టి ఊరి వాన కొండ వాన కాదని గుర్తుంచుకుని, కొండ కింద ఉండే ఎవరికైనా ఫోను చేయడం మేలు. మంచి వాన పడితే ఒకటి రెండు రోజులు ఆగాలి. ఎండ బాగా కాస్తే ఒక రోజు చాలొచ్చు, ముసురు పట్టి ఉంటే మూడు రోజులైనా చాలదు.

కొండ మొదట్లో దిగి మట్టి పట్టుకు చూడాలి. చేతిలోకి పిడికెడు తీసుకుని నొక్కితే ముద్దయి, వేళ్ల మధ్య రిబ్బనులా సాగితే ఆ బాట ఇంకా పచ్చిగా ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే పర్వాలేదు. మడమతో గట్టిగా నొక్కితే గుంట పడకూడదు. తర్వాత సైకిలు పది గజాలు నడిపించి వెనక్కి తిరిగి చూడాలి. టైరు అచ్చు పైపైన కనిపిస్తే వెళ్లొచ్చు. అంచులు లేచిన గాడి పడితే, టైరుకు మట్టి అంటుకుని ఊడకపోతే, అక్కడే ఆగాలి. ఇందులో వాదన లేదు, అంతమంది కలిసొచ్చాం గదా అన్న మొహమాటమూ ఉండకూడదు.

మట్టి కూడా అంతా ఒకటి కాదు. కొండ మీద రాతిపొర పైన ఎర్ర గ్రావెల్. అది నీళ్లను తొందరగా వదిలేస్తుంది. కొండ దిగి పొలాల అంచుకు వస్తే నల్లరేగడి. తడిసిన రేగడి టైరుకూ ఫోర్కుకూ మధ్య పట్టుకుని చక్రాన్ని కదలనివ్వదు, సైకిలు భుజాన వేసుకోవాల్సిందే. కాలువ గట్ల మీద ఒండ్రుమట్టి. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల జారుడు. వీటీపీఎస్ చుట్టుపక్కల రోడ్డు మీద లారీల నుంచి రాలిన బూడిద సన్నటి వానకు తడిస్తే తారు రోడ్డు మీద కూడా బ్రేకు పట్టదు. చెట్ల నీడ పడే లోయల్లో, ఎండ తగలని వాలు మీద, పైన ఎంత ఆరినా తడి మిగులుతుంది. పైన చూసి కింద కూడా అంతేనని అనుకోకూడదు.

ఈ పరీక్షలన్నిటికంటే నమ్మకమైనవాళ్లు అక్కడి మనుషులు. మేకలు తోలుకుపోయేవాళ్లు రోజూ ఎక్కి దిగుతారు. "బాబాయ్, పైన బాట ఆరిందా?" అని ఒక ఉదయం ఒకాయన్ని అడిగాను. "పైన ఆరింది గానీ వాగు కాడ జారుడుందయ్యా. రాయి కదులుతోంది. ఇయ్యాల వద్దులే" అన్నాడు. ఆయన మేకల్ని కూడా ఆ వైపు తోలకుండా చుట్టూ తిప్పుకుపోయాడు. అంతకంటే వేరే కబురు నాకు అవసరం లేకపోయింది. అడిగితే ఇంత వివరంగా చెప్పే మనుషులున్నప్పుడు, అద్దాలు పెట్టుకుని పక్కనుంచి దూసుకుపోయే సైకిలువాళ్లను చూస్తే బాధేస్తుంది.

కాలాన్ని బట్టి కూడా బాట మారుతుంది. మన రైతులు కార్తెల్ని బట్టి వాన చూస్తారు, అడవికి వెళ్లేవాళ్లకూ ఆ లెక్క పనికొస్తుంది. మృగశిరతో మొదలై ఉత్తర, హస్త దాకా కొండబాటలకు సెలవివ్వాలి. చిత్త, స్వాతి కార్తెల్లో బంగాళాఖాతం తుపాన్లు. ఒక్కోసారి అవి డిసెంబరు దాకా వస్తాయి. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ మధ్యలోనే కార్తీకం, వనభోజనాలు. కొండపల్లికీ మూలపాడుకూ జనం కుటుంబాలతో వస్తారు. పిల్లలు బాటల మీద పరుగెడుతుంటారు. ఆ ఆదివారాలు సైకిలువాళ్లు దిగి నడవాలి, లేదా వేరే రోజు రావాలి. జనం వెళ్లాక బాట మీద పగిలిన సీసా పెంకులుంటాయి, వాటిని ఏరి పక్కకు తీయడం కూడా బాట చూసుకోవడంలో భాగమే.

ఉత్తమమైన కాలం సంక్రాంతికి అటూ ఇటూ. నేల గట్టిపడి ఉంటుంది, ఎండ చురుకు తక్కువ. పొద్దున్నే మంచుకు రాళ్లు మాత్రం జారతాయి. మాఘం, ఫాల్గుణాల్లో ఆకు రాలి బాటంతా కప్పేస్తుంది, కింద రాయి ఉందో గొయ్యి ఉందో తెలియదు. ఆ ఎండుటాకులకు నిప్పు అంటుకునే కాలం అదే. అగ్గిపెట్టె జేబులో ఉన్నవాణ్ణి అడవిలోకి రానివ్వకూడదు. రోహిణి కార్తెలో ఇక్కడి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ రోజుల్లో గ్రావెల్ మీద మన్నంతా ఎగిరిపోయి గుండ్రటి రాళ్లు వదులుగా మిగులుతాయి. దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టారా, ముందు చక్రం పక్కకు పోతుంది. సీటు దించి, బరువు వెనక్కి వేసి, పెడళ్లు రెండూ సమంగా ఉంచి, రెండు బ్రేకులూ నెమ్మదిగా పట్టి దిగాలి. టైరులో గాలి రోడ్డు మీదున్నంత ఉండకూడదు. కాస్త తగ్గిస్తే టైరు నేలను పట్టుకుంటుంది.

ఇక ముళ్లు. పొలం గట్ల మీద పల్లేరుకాయలు, పోరంబోకుల్లో సర్కారు తుమ్మ, అడవిలో పరికి కంప. ట్యూబున్న టైరైతే పంక్చరు సామాను, పంపు, నీళ్లు లేకుండా లోపలికి పోకూడదు. ట్యూబు లేని టైరులో పోసే ద్రవం చిన్న ముల్లు గుచ్చుకున్న చోటును దానంతటదే మూసేస్తుంది, తుమ్మ ముల్లుకు మాత్రం అదీ చాలదు. నేల మీద చెయ్యి పెట్టే ముందు చూసి పెట్టాలి. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోయి పడుకుంటుంది. పాము కరిస్తే కట్లు కట్టి, కోసి, నాటు మందులు పెట్టి సమయం పోగొట్టకూడదు. మనిషిని నడిపించకుండా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. 108 మనకు 2005 నుంచి ఉంది, కానీ లోయలో ఫోను అందకపోవచ్చు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరాలి. ఒంటరిగా పోకూడదు.

రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లే హక్కు మనకు లేదు. ఇది చిరుతలు, అడవిపందులు, నక్కలు తిరిగే చోటు. వాటికి చీకటి, మసక వెలుతురు అవసరం. కాబట్టి పొద్దు బాగా వచ్చాక లోపలికి వెళ్లి, పొద్దు వాలకముందే బయటపడాలి. మలుపుల్లో గంట కొట్టాలి. పాటల డబ్బా వద్దు. కొత్త బాటలు గీయొద్దు.

మూలపాడు పార్కు ప్రవేశం దగ్గరా, ఖిల్లా ఘాట్ రోడ్డు మొదట్లోనూ ఒక నల్లబల్ల ఉండాలని నా కోరిక. ఎండిందా, తడిగా ఉందా, మూసేశారా, ఆ రోజు పొద్దున చాక్‌పీసుతో ఒక్క మాట రాస్తే చాలు. అమెరికాలో, కెనడాలో సైకిలు సంఘాలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. మనకు ఊళ్లలో వన సంరక్షణ సమితులున్నాయి. కొండ ఎక్కి దిగే కుర్రాళ్లకు ఈ పని అప్పగించి, చూసి చెప్పినందుకు కొంత డబ్బిస్తే వాళ్లకూ ఆసరా. వానలు వెలిశాక సైకిలువాళ్లూ, నడిచేవాళ్లూ కలిసి ఒక రోజు పార, గడ్డపలుగు పట్టుకొచ్చి, అటవీ అధికారుల అనుమతితో, బాట మీద నీళ్లు పక్కకు పోయేట్టు అడ్డంగా రాళ్లు పేర్చవచ్చు. నేను వస్తాను.

ఈ ఆదివారం కొండకు బయలుదేరే మిత్రులకు ఒక విన్నపం. శనివారం వాన పడితే మూలపాడు వైపు పోకండి, బ్యారేజీ దాటి కరకట్ట మీద తారు రోడ్డు తొక్కండి. ఆ నల్లబల్ల కావాలని అటవీ శాఖ రేంజి కార్యాలయానికి తెలుగులో ఒక ఉత్తరం రాయండి. మీ సంఘంలో ప్రతి ఒక్కరి చేతా సంతకం పెట్టించండి.